మండల స్థాయి మాసపత్రిక: 32 పేజీలు, 500 కాపీలు. ఎక్కడ మొదలుపెట్టాలి?

కేసముద్రం_కబురు
అందరికీ నమస్కారం. కేసముద్రం, ఇనుగుర్తి చుట్టుపక్కల ఊళ్ల కోసం నలుగురం కలిసి మాసపత్రిక పెట్టాలనుకుంటున్నాం. లోపల 32 పేజీలు నలుపు తెలుపు, రంగుల కవరు, 500 కాపీలు. మార్కెట్ యార్డు ధరలు, చెరువుల సంగతి, బడుల సంగతి, ఊరి చరిత్ర, కొన్ని కథలు, కవితలు. వ్యాసాలన్నీ ఫోన్‌లో టైపు చేసినవే. రిజిస్ట్రేషన్ తప్పనిసరా? ప్రెస్సు వాళ్లని ఏమని అడగాలి? పోస్టులో పంపడం ఎలా? వివరంగా చెప్పగలరు.

ఫారం_నింపేవాడు
ముందు రిజిస్ట్రేషన్ సంగతి తేల్చుకోండి. 1867 నాటి పాత చట్టం పోయింది. 2024 మార్చి 1 నుంచి ప్రెస్ అండ్ రిజిస్ట్రేషన్ ఆఫ్ పీరియాడికల్స్ చట్టం, 2023 అమలులో ఉంది. పత్రికలను నమోదు చేసే, ఆర్‌ఎన్‌ఐ అని మనం పిలిచే ఆఫీసు పేరు ఇప్పుడు ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్. దరఖాస్తంతా ప్రెస్ సేవా పోర్టల్‌లోనే. అదే దరఖాస్తు మీ జిల్లా కలెక్టరేట్‌కీ వెళుతుంది, అభ్యంతరాలుంటే చెప్పడానికి వాళ్లకు 60 రోజుల గడువు ఉంటుంది.

"మాది చిన్న పత్రిక, మాకెందుకు" అనుకోవద్దు. క్రమం తప్పకుండా వెలువడుతూ ప్రజలకు సంబంధించిన వార్తలో, వాటి మీద వ్యాఖ్యలో వేసేదేదైనా చట్టం లెక్కలో పీరియాడికలే. చెరువు సంగతి, మార్కెట్ సంగతి వేస్తున్నారంటే మీరు అందులోకి వచ్చినట్టే. పుస్తకాలకు, శాస్త్ర సాంకేతిక, విద్యా సంబంధ జర్నళ్లకు మాత్రమే మినహాయింపు. సర్టిఫికెట్ లేకుండా నడిపితే 5 లక్షల దాకా జరిమానా వేయొచ్చు.

చాలామందికి పేరు దగ్గరే ఆగిపోతుంది. తెలుగులో దేశం మొత్తం మీద ఎక్కడా అదే పేరు గానీ, దాన్ని పోలిన పేరు గానీ ఉండకూడదు. మన రాష్ట్రంలో ఇతర భాషల పత్రికలకూ ఆ పేరు ఉండకూడదు. 'జనవాణి', 'ప్రజాగళం' లాంటివి ఎవరో ఒకరు ఎప్పుడో పట్టేసి ఉంటారు. ఊరి పేరో, వాగు పేరో, ఆ నేలకే చెందిన మాటో కలిపితే దొరికే అవకాశం ఎక్కువ. ఐదు పేర్లు వరుస క్రమంలో రాసి పెట్టుకుని పోర్టల్‌లో వెతకండి. పేరు ఖాయమయ్యే దాకా లోగో గీయించకండి, బోర్డు రాయించకండి.

ప్రెస్సు మీది కాదు కాబట్టి ప్రింటరుతో ఒప్పంద పత్రం రాసుకోవాలి. ప్రెస్సు మారినా, మాసపత్రిక కాస్తా పక్షపత్రిక అయినా పోర్టల్‌లో ఆ వివరం మార్పించాలి. ఏటా వార్షిక నివేదిక కూడా పెట్టాలి, ఇది మరిచిపోయేవాళ్లే ఎక్కువ. ఐఎస్‌ఎస్‌ఎన్ (పత్రికలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) నంబరు వేరే సంగతి, అది తెచ్చుకున్నంత మాత్రాన రిజిస్ట్రేషన్ అయినట్టు కాదు.

చందా_పుస్తకం
పేరు దొరకడం కన్నా కష్టమైనది తేదీ నిలబెట్టుకోవడం. మొదటి సంచికకు ఏళ్ల తరబడి దాచుకున్న సరుకు ఉంటుంది, రెండోదానికి స్నేహితులు రాసిస్తారు, మూడోది ఖాళీ. స్థానిక పత్రికలు ఎక్కువగా ఆగిపోయేది ఆ మూడో నెలలోనే. అందుకని మొదటిది ప్రెస్సుకు పంపే రోజుకి రెండోది పూర్తిగా, మూడోది సగం చేతిలో ఉండాలి. అలా లేకపోతే మొదలుపెట్టడం రెండు నెలలు వెనక్కి జరపండి, ఏమీ కాదు.

గోదారి_గట్టు
అంత భయపడేబదులు మూడు నెలలకోసారి తెస్తే పోదా? త్రైమాసిక అంటే ఊపిరి పీల్చుకునే తీరిక ఉంటుంది. 64 పేజీలు వేయొచ్చు.

చందా_పుస్తకం
కథలు, కవితలే అయితే త్రైమాసిక చాలు, అదే మంచిది కూడా. వీళ్లు మార్కెట్, చెరువులు, బడులు అంటున్నారు. మూడు నెలలకోసారి వచ్చే పత్రికను దుకాణదారు గుర్తుపెట్టుకోడు, ప్రకటన అడిగిన ప్రతిసారీ మీరెవరో మళ్లీ చెప్పుకోవాలి. ఇంకోటి, వార్తాపత్రికలకిచ్చే పోస్టల్ రాయితీ 31 రోజులకు మించని వ్యవధితో వెలువడేవాటికే. మూడు నెలలైతే ఆ రాయితీ ఉండదు, పోస్టు ఖర్చే వెలను మించిపోతుంది.

వరంగల్_ఆఫ్‌సెట్
ప్రెస్సు వాళ్లతో మాట్లాడే ముందు ఈ లెక్క చేతిలో ఉంచుకోండి.

సైజు: డబుల్ క్రౌన్ షీటు 20×30 అంగుళాలు. మూడు మడతలు వేస్తే 8 ఆకులు, 16 పేజీలు. విడి పేజీ 7.5×10, కోత తీశాక సుమారు 7.25×9.5. క్రౌన్ పావు సైజు అంటే ఇదే. మీ 32 పేజీలకు కాపీకి రెండు షీట్లు.

కాగితం: 500 కాపీలకు 1000 షీట్లు. మెషీన్ సెట్టింగులో, మడతలో పోయేదానికి ఇంకో 100. అంటే రెండు రీములు (రీముకు 500 షీట్లు) దాటి 100 షీట్లు. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు) మాప్‌లితో రకం కాగితం డబుల్ క్రౌన్ రీము బరువు 13.5 కిలోలు, మొత్తం 30 కిలోలు. కిలో 90 అనుకుంటే 2,700 రూపాయలు. మీరు కొనేనాటి ధర వేసుకుని చూడండి. ప్రెస్సు వాళ్లు "కాగితం మేమే వేసుకుంటాం" అంటే ఎన్ని జీఎస్‌ఎం, ఏ మిల్లు అని కొటేషన్‌లో రాయించుకోండి. మాటల్లో 70 అని చెప్పి 58 వేస్తే అచ్చు వెనక పేజీలోకి కనిపిస్తుంది, తెలుగు ఒత్తులు ఒకదాని మీద ఒకటి పడినట్టుంటాయి.

ప్లేట్లు: 20×30 మెషీన్ మీద ఒక్కో షీటుకు ముందు 8 పేజీలు, వెనక 8 పేజీలు. రెండు షీట్లకు 4 ప్లేట్లు. రంగుల కవరు బయటి వైపు 4, లోపలి వైపు నలుపు ఒక్కటే అయితే 1. మొత్తం 9. 500 కాపీలైనా 1000 అయినా ప్లేట్లు అవే, డీటీపీ అదే. పెరిగేవి కాగితం, మెషీన్ కూలి, బైండింగే. రంగుల పనికి చాలా ప్రెస్సుల్లో కనీసం వెయ్యి ఇంప్రెషన్ల (మెషీన్ మీద అచ్చు పడే సార్లు) ఛార్జీ ఉంటుంది, 500కు ఇచ్చేదే వెయ్యికీ ఇస్తారు. 200 కాపీల లోపే అయితే ఆఫ్‌సెట్ దండగ, డిజిటల్‌లో కొట్టించండి.

కవరు: 20×30 ఆర్ట్ పేపరు షీటులో 10×15 కవర్లు నాలుగు. 500కు 125 షీట్లు, తరుగుతో 150. 170 జీఎస్‌ఎం చాలు. 220 దాటితే మడత దగ్గర రంగు పగులుతుంది, క్రీజింగ్ (మడత గీత ముందే నొక్కించడం) చేయించాల్సి వస్తుంది.

బైండింగ్: 32 పేజీలకు సెంటర్ పిన్నింగే, రెండు పిన్నులు. పర్‌ఫెక్ట్ బైండింగ్ (వెన్నుకు జిగురు పెట్టి అతికించేది) అడగకండి. ఇంత సన్నని పుస్తకానికి జిగురు పట్టదు, రెండోసారి తిరగేసేసరికి ఆకులు ఊడతాయి.

ఒక్క సంగతి మటుకు బాగా గుర్తుంచుకోండి. సెంటర్ పిన్నింగ్‌లో ఒక ఫారం (మడిచిన 16 పేజీల షీటు) ఇంకోదాని లోపల కూర్చుంటుంది. బయటి షీటులో 1 నుంచి 8, 25 నుంచి 32 పేజీలుంటాయి. లోపలి షీటులో 9 నుంచి 24. కాబట్టి కథలు, చరిత్ర వ్యాసాలు, పాతబడని సరుకంతా 9-24లో పెట్టి ముందే అచ్చుకు ఇచ్చేయండి. ఆఖరు నిమిషపు వార్త, మార్కెట్ పట్టిక, ఆలస్యంగా వచ్చే ప్రకటన 1-8లోనో, 25-32లోనో పడాలి. 12వ పేజీలో తాజా వార్త పెట్టుకుంటే దానికోసం లోపలి ఫారం మొత్తం ఆగిపోతుంది.

నమ్మకం కుదరకపోతే రెండు తెల్ల కాగితాలు తీసుకోండి. ఒక్కోదాన్ని మూడు మడతలు పెట్టి, ఒకదానిలో ఒకటి దూర్చి, మూలల్లో పెన్సిల్‌తో 1 నుంచి 32 దాకా అంకెలు వేసి, విప్పి చూడండి. ఏ పేజీ పక్కన ఏ పేజీ ఉందో తెలుస్తుంది. ఆ డమ్మీని ప్రతి నెలా ప్రెస్సుకు పీడీఎఫ్‌తో పాటు ఇవ్వండి.

అక్షరం_ముఖ్యం
డీటీపీ వైపు ఏం చేయాలో నేను రాస్తాను.

ఫోన్‌లో టైపు చేశారంటే అది యూనికోడ్. మన ఊళ్లలో చాలా డీటీపీ సెంటర్లు ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లతోనే పనిచేస్తున్నాయి. అది యూనికోడ్ కాదు. కన్వర్టర్‌లో వేసి మార్చాలి, అక్కడే కొత్త తప్పులు పుడతాయి. పొల్లు హల్లు పక్కన కనపడకుండా ఉండే నాన్‌జాయినరు (అక్షరాలను కలవనివ్వని గుర్తు) పోయి 'బస్‌లో' కాస్తా 'బస్లో' అయి 'స' కింద 'ల' ఒత్తుగా దిగుతుంది. మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాట పిచ్చి గీతలుగా మారుతుంది, కొటేషన్ గుర్తులు ఏదో అక్షరమై కూర్చుంటాయి. కాబట్టి ఫోన్‌లో దిద్దిన ప్రూఫు చెల్లదు. కన్వర్ట్ చేసిన తర్వాతే అసలు ప్రూఫు.

ఇంకో దొంగ తప్పు ఉంది. కొందరు సున్న (ం) బదులు తెలుగు అంకె సున్నా (౦) కొడతారు. కంటికి ఒకేలా ఉంటుంది. కన్వర్టర్‌లో వేస్తే అక్కడ అంకె పడుతుంది, నెట్‌లో పెడితే ఆ మాట వెతికినా దొరకదు. రాతప్రతి రాగానే '౦' వెతికి 'ం'గా మార్చేయండి, అర నిమిషం పని.

వీలుంటే మొదటినుంచీ యూనికోడ్‌లోనే పేజీలు కట్టండి. ఇన్‌డిజైన్ అయితే వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేయాలి, లేకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. డబ్బు పెట్టలేకపోతే స్క్రైబస్ ఉచితం, 1.6 వెర్షన్‌లో తెలుగు సరిగ్గా వస్తుంది. ఫాంట్లకు కూడా కొరత లేదు. మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్, గురజాడ లాంటివి ఉచితంగా అచ్చుకు వాడుకోవచ్చు. పాఠానికి ఒకటి, శీర్షికలకు ఒకటి చాలు. మూడోది వద్దు.

తెలుగుకు కింద ఒత్తులు, పైన గుళ్లు. ఇంగ్లీషుకు సరిపోయే లైన్ల మధ్య ఖాళీ మనకు చాలదు. 12 పాయింట్ల అక్షరానికి 16 లేదా 17 ఇవ్వండి. 'స్త్ర', 'ష్ట్ర' ఉన్న వాక్యం తీసుకుని దాని కింది లైనుకు తగులుతోందేమో చూసి ఖాయం చేసుకోండి. 7.25 వెడల్పు పేజీలో రెండు కాలమ్‌లు బాగుంటాయి, మూడు వద్దు. మన మాటలు పొడుగు కాబట్టి ఇరుకు కాలమ్‌లో రెండు పక్కలా సమం చేస్తే మాటల మధ్య తూములు పడతాయి.

పీడీఎఫ్ ఇచ్చేటప్పుడు పాఠం నలుపు ఒక్కటే ఉండాలి. వర్డ్‌లోంచి తీసిన పీడీఎఫ్‌లో ఆ నలుపు నాలుగు రంగుల కలయికగా వెళ్లి, రంగుల పేజీలో అక్షరాల అంచులు మసకబారుతుంటాయి. ఫొటోలు అచ్చయ్యే సైజుకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు). వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది, "డాక్యుమెంట్‌గా పంపండి" అని ప్రతి రచయితకూ చెప్పండి. కవరు బొమ్మ కోత గీత దాటి 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. పేజీ అంకెలు అంచు నుంచి కనీసం 10 మిల్లీమీటర్లు లోపలికి వేయండి. లోపలి ఆకులు కొద్దిగా ముందుకు తోసుకొస్తాయి కాబట్టి కోతలో అవే తెగేది.

కేసముద్రం_కబురు
పేజీలకు డమ్మీ చేసి చూశాం, 8 పక్కన 25 వచ్చింది. చాలా ఉపయోగం అన్నా. ప్రకటనలు ఎలా అడగాలి? చందా ఎంత పెట్టాలి? జీవిత చందా పెడితే ఒకేసారి డబ్బు చేతికొస్తుంది అంటున్నారు మావాళ్లు.

చందా_పుస్తకం
జీవిత చందా వద్దు. లెక్క చూడండి. 3,000 తీసుకున్నారనుకుందాం. దాన్ని ముట్టుకోకుండా బ్యాంకులో 7 శాతానికి వేసినా ఏడాదికి 210. కాపీకి 25 ఖర్చయితే ఏడాదికి 300, పోస్టు వేరే. ప్రతి జీవిత చందాదారు మీద ప్రతి ఏడూ నష్టమే. నిజానికి ఆ డబ్బు బ్యాంకులో ఉండదు కూడా, మొదటి రెండు సంచికల ప్రెస్సు బిల్లుకే పోతుంది. ఏడాది, రెండేళ్లు, అంతకు మించి తీసుకోకండి.

విడి కాపీలకు ఎరువుల షాపు, జిరాక్స్ సెంటరు, బస్టాండు పుస్తకాల కొట్టు, హోటలు చూడండి. ఒక్కోచోట ఐదు కాపీలు, పాతిక శాతం కమీషను. కొత్త సంచిక ఇచ్చే రోజే పాతదాని డబ్బు తీసుకుని, అమ్ముడుపోనివి వెనక్కి తెచ్చుకోవాలి. మూడు నెలల బాకీ పేరుకుంటే ఆ డబ్బు రాదు, ఆ కొట్టూ పోతుంది.

ప్రకటన_సంచి
చేతిలో నమూనా లేకుండా దుకాణం మెట్లెక్కకండి. 32 పేజీలూ కట్టిన డమ్మీ డిజిటల్‌లో రెండు మూడు కాపీలు తీయించి, ప్రకటన పడే చోట ఖాళీ పెట్టె గీసి "ఇక్కడ మీది" అని చూపించండి. దాన్ని పంచకండి, అమ్మకండి, చూపించడానికే.

రేటు కార్డు ఒక్క పేజీ: వెనక కవరు, రెండో కవరు (ముందు అట్ట లోపలి వైపు), మూడో కవరు (వెనక అట్ట లోపలి వైపు), నిండు పేజీ, అర పేజీ, పావు పేజీ, సెంటీమీటర్లలో కొలతలతో సహా. పన్నెండు నెలలకు కట్టేవాళ్లకు రెండు నెలలు ఉచితం అనొచ్చు, రేటు మాత్రం తగ్గించకండి. ఒకరికి తగ్గించారని బజారులో తెలియడానికి పూట పట్టదు. ప్రతి ప్రకటనకూ సంతకంతో ఆర్డరు, సగం ముందస్తు. ప్రూఫు మీద "సరి చూశాను" అని సంతకం. ఫోన్ నంబరు తప్పు పడితే ఆ ప్రకటన డబ్బు రానట్టే. అందుకే అచ్చుకు ముందు ప్రూఫులో ఉన్న నంబరుకు డయల్ చేసి చూడాలి, రాసుకొచ్చిన కాగితంలోని నంబరుకు కాదు. అచ్చయ్యాక కాపీ, బిల్లు కలిపి ఒకేసారి చేతికివ్వాలి.

ఎరువులు, విత్తనాల వాళ్లకు వానాకాలం ముందు, బడులు, కాలేజీలకు మే, జూన్, బట్టలు, బంగారానికి బతుకమ్మ, దసరా, పెళ్లిళ్ల ముహూర్తాలు. వాళ్ల సీజనుకు నెలన్నర ముందే అడగాలి.

తీసుకోకూడనివీ ఉన్నాయి. "షుగరు పూర్తిగా నయం", "సంతానం గ్యారంటీ" లాంటివి 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. ఇచ్చినవాడితో పాటు వేసినవాడూ బాధ్యుడే. చిన్న పత్రికల దగ్గరికి ముందుగా వచ్చేది, ఎక్కువ డబ్బిస్తామనేది వీళ్లే. మొదటి రోజే వద్దనండి.

ఫారం_నింపేవాడు
జీఎస్టీ గురించి రెండు మాటలు. పత్రిక అమ్మకం మీద పన్ను లేదు. అచ్చు పత్రికలో ప్రకటన స్థలం అమ్మితే 5 శాతం. మొత్తం రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్, మీకు ఇప్పట్లో ఆ అవసరం రాదు.

రాతల విషయంలో పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం 72వ సెక్షన్ కింద నేరం. పిల్లల కేసుల్లో పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) 23వ సెక్షన్. పేరు తీసేస్తే చాలదు. చిన్న ఊళ్లో "ఫలానా వాడలో ఫలానా పని చేసేవారి అమ్మాయి" అంటే అందరికీ తెలిసిపోతుంది. తండ్రి పని, బడి పేరు, వీధి, ఏదీ వేయకూడదు. మండల పత్రిక చాలా జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే.

పొలిమేర
సరుకు గురించి ఎవరూ మాట్లాడలేదు. దిన పత్రికల జిల్లా పేజీలో వచ్చినదే నెల తర్వాత మీరు వేస్తే ఎవరు కొంటారు? యార్డులో రోజువారీ ధర మీకు అనవసరం, ఫోన్‌లోనే ఉంటుంది. నెల మొత్తంలో పసుపు, మిర్చి, పత్తికి కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువ బస్తాలు అమ్ముడైన ధర, పక్కనే కిందటేడు అదే నెల. ఈ చిన్న పట్టిక పన్నెండు నెలలు వేశారంటే రైతు ఆ పేజీలు కత్తిరించి దాచుకుంటాడు.

సమాచార హక్కును వాడుకోండి. గ్రామ పంచాయతీకి రుసుము లేదు, మండల ఆఫీసుకు 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు 30 రోజులు. అంటే ఆగస్టు సంచికకు కావలసింది జూన్ మొదట్లోనే అడగాలి. "చెరువు పూడిక గురించి వివరాలివ్వండి" అంటే ఏమీ రాదు. ఏ చెరువు, ఏ ఆర్థిక సంవత్సరం, ఎంబీ (చేసిన పని కొలతలు రాసే) పుస్తకంలో రాసిన ఘనపు మీటర్లు, చెల్లించిన మొత్తం, ఇలా విడివిడిగా అడగాలి.

మీ నేలకు ఇంకో సంగతి ఉంది. 1922లో ఒద్దిరాజు సోదరులు 'తెనుగు' పత్రిక తెచ్చింది ఇనుగుర్తి నుంచే. నిజాం పాలనలో, ఊళ్లోనే సొంత ప్రెస్సు పెట్టుకుని. అదే ఏడు నల్లగొండ నుంచి 'నీలగిరి' వచ్చింది. ఆ ఊళ్లో పత్రిక పెడుతూ ఆ చరిత్ర మీద మంచి వ్యాసం లేకుండా మొదటి సంచిక తేవద్దు. అది 9-24 పేజీల మధ్యలో వేయాల్సిన సరుకు.

అక్షరం_ముఖ్యం
ప్రూఫు రెండుసార్లు, ఇద్దరు మనుషులు, కాగితం మీద. ఒకరు రాతప్రతి పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫులో వేలు పెట్టి చూడాలి. పాఠం కన్నా శీర్షికల్లో, ఫొటో కింది పేర్లలో, కవరు మీద నెల పేరులో తప్పులు దాక్కుంటాయి. కిందటి నెల ఫైలు మీదే కొత్తది కట్టడం వల్ల 'మార్చి' సంచిక లోపల పేజీ అడుగున 'ఫిబ్రవరి' మిగిలిపోతుంది. దాన్ని విడిగా వెతకాలి.

చందా_పుస్తకం
పోస్టు సంగతి మిగిలింది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వచ్చాక మీ డివిజన్ పోస్టల్ సూపరింటెండెంట్ ఆఫీసులో రాయితీకి దరఖాస్తు పెట్టాలి. నిజమైన చందాదారుల జాబితా చూపించాలి. ఏ తేదీన ఏ పోస్టాఫీసులో వేస్తారో ముందే చెప్పాలి. ఆ తేదీ తప్పితే ఆ నెల పూర్తి టిక్కెట్లు అంటించాల్సిందే. మళ్లీ తేదీ దగ్గరికే వచ్చాం చూడండి. పోస్టల్ రిజిస్ట్రేషన్ నంబరు పత్రిక మీద అచ్చు కావాలి.

పుస్తకాల కోసం 2025 మేలో వచ్చిన జ్ఞాన్ పోస్టును నమ్ముకోకండి, క్రమంగా వెలువడే పత్రికలకు, ప్రకటనలున్నవాటికి అది వర్తించదు. రిజిస్టర్డ్ పోస్టు కూడా 2025 సెప్టెంబరులో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది.

బరువు కూడా చూసుకోవాలి. వరంగల్ అన్న చెప్పిన కాగితాలతో కోత తర్వాత కాపీ సుమారు 65 గ్రాములు. ధర 50, 100 గ్రాముల మెట్ల మీద ఉంటుంది కాబట్టి ఇంకో 8 పేజీలు కలిపినా మీరు అదే మెట్టు మీద ఉంటారు. లోపల విడి కరపత్రం పెట్టి పంపకండి. అనుబంధమైతే దాని మీదా పత్రిక పేరు, తేదీ ఉండాలి.

కేసముద్రం_కబురు
ప్రతి నెల 1న పోస్టు అని రాసుకున్నాం. వెనక్కి లెక్కేస్తే ఏ రోజుకి ఏం కావాలి?

వరంగల్_ఆఫ్‌సెట్
10న రచనలు బంద్. 15కి పేజీలు కట్టడం, 17కి రెండు ప్రూఫులు. 18న లోపలి ఫారం, కవరు ప్రెస్సుకు. 22 సాయంత్రం బయటి ఫారం. 25న మడత, పిన్ను, కోత. 27న కట్టలు మీ ఊళ్లో. మూడు రోజులు ర్యాపర్లకు. దసరా, సంక్రాంతి, ఎన్నికలున్న నెలల్లో ప్రెస్సులో చోటు దొరకదు, అప్పుడు అన్నీ వారం ముందుకు జరపండి. బయటి ఫారం మీద సిరా ఆరకముందే మడతకు పంపమని తొందరపెట్టకండి, ఎదుటి పేజీ మీద మరక దిగుతుంది. నలుపు ఎక్కువున్న ఫొటో పేజీల్లో అది ఇంకా ఎక్కువ.

ఫారం_నింపేవాడు
అచ్చయిన ప్రతి సంచికా కోల్‌కతా నేషనల్ లైబ్రరీ, చెన్నై కన్నెమరా, ముంబై సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి ఒక్కో కాపీ పంపాలి. ఇది 1954 చట్టం. వాటితో పాటు వేటపాలెం సారస్వత నికేతనానికి ఒకటి పంపండి, అది చట్టం కోసం కాదు. నూరేళ్ల నాటి తెలుగు పత్రికలు ఇవాళ చదవగలుగుతున్నామంటే అలాంటి గ్రంథాలయాల పుణ్యమే. మీ దగ్గరా ప్రతి సంచికవి పది కాపీలు కట్టి పెట్టండి, ఆఖరు పీడీఎఫ్, యూనికోడ్ పాఠం రెండు చోట్ల దాచండి.

చందా_పుస్తకం
ర్యాపరు లేబుల్ ఇలా ఉండాలి. మొదటి వరుసలో చందా నంబరు, ముగిసే నెల: "214, ముగింపు 03/27". తర్వాత పేరు, ఇంటి పేరుతో సహా. ఊరు, మండలం, జిల్లా. ఆఖరున పిన్‌కోడు ఒక్కటే పెద్ద అంకెల్లో. ఎక్సెల్‌లో పిన్‌కోడు వరుసలో పేర్చి ప్రింటు తీయండి, కట్టలు కూడా అదే వరుసలో కట్టండి, పోస్టాఫీసులో మీ పని పది నిమిషాల్లో అవుతుంది. ముగింపు నెల దగ్గరపడ్డ లేబుళ్లకు ఎర్ర సిరాతో గీత పెట్టండి. ముగిసే నెలలో ఒకటి, దానికి ముందు నెలలో ఒకటి. వెనక్కి తిరిగొచ్చిన కాపీల లేబుళ్లు పారేయకండి, అదే రోజు రిజిస్టరులో ఆ నంబరు పక్కన తేదీ వేసి ఫోన్ చేయండి.

కేసముద్రం_కబురు
లేబుల్ నమూనా కట్టాం. పేర్లు ఐదు రాశాం, మూడు పోర్టల్‌లో ముందే ఉన్నాయి. మిగతా రెంటిలోనూ వాగు పేరుంది. సోమవారం దరఖాస్తు పెడుతున్నాం. ప్రింటరు ఒప్పంద పత్రం నమూనా ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడే పెట్టండి.